ఆ ల్యాపు ఎవరిది?

అన్న: నమస్కారం. చెప్పినట్టే ఈ వారం ఫస్ట్ యూనియన్ 400, అమెరికాలో నాస్కార్ వాళ్ల కార్ల రేసు. నార్త్ కరోలినాలో, నార్త్ విల్క్స్‌బరోలో ఏటా ఏప్రిల్‌లో జరిగేది. 1996తో ఆగిపోయింది. ముందు ఆ ట్రాకు వాలు సంగతి...

చెల్లి: వాలు మాట వచ్చేసింది! ఆ మాట అన్నప్పుడల్లా పావు డాలరు, డబ్బాలో క్వార్టర్ వెయ్యన్నా.

అన్న: వేస్తాలే. స్టాండు ముందు దిగుడు, వెనక ఎక్కుడు. అలాంటి ట్రాకు ఇంకోటి చూపించు!

చెల్లి: 400 అంటే ల్యాపులండీ, ట్రాకు చుట్లు; మైళ్లు కాదు. ట్రాకు 0.625 మైలు, మొత్తం 250 మైళ్లు. ట్రాకు మొదలైంది 1947లో. రిచర్డ్ పెట్టీ అక్కడ 15 సార్లు గెలిచాడు. జూనియర్ జాన్సన్‌ది ఆ కౌంటీయే, దొంగసారా కార్లు నడిపి రేసుల్లోకి వచ్చినవాడు.

అన్న: సరే, 1990కి రా. ఆ రేసు డారెల్ వాల్ట్రిప్‌ది.

చెల్లి: కాదు. బ్రెట్ బొడైన్‌ది.

అన్న: కార్లు టైర్లకీ పెట్రోలుకీ పిట్‌లో ఆగుతున్న మధ్యలో పచ్చజెండా పోయి, నెమ్మదించమనే పసుపు వచ్చింది. అప్పుడు అందరినీ నడిపించే పేస్ కారు మొదటివాడి ముందుండాలి; అది డేల్ ఎర్న్‌హార్ట్ ముందుకొచ్చి నిలిచింది. అసలు ముందున్నది ఎవరో తేల్చడానికి ఎన్ని ల్యాపులు పోయాయో చూశావా? ఆ సందట్లో బొడైన్ టైర్లు మార్చుకున్నాడు. అయినా ముందు వరుసలో పెట్టారు!

చెల్లి: తప్పు అధికారులది. అతనేం చేశాడు? అప్పట్లో ల్యాపులు చేత్తో రాసేవాళ్లు, ఒక్కో కారుకు ఒక్కో మనిషి. గల్లీ క్రికెట్‌లో స్కోరు రాసేవాడి మీద ఎంత గొడవ పడతాం! ఇక్కడ కార్లు ఇరవై సెకన్లకోసారి తిరిగొస్తున్నాయి.

అన్న: అందుకే వాల్ట్రిప్ ఫిర్యాదు చేశాడు.

చెల్లి: ఒప్పుకోలేదుగా. నాస్కార్‌లో పెద్దవైన కప్ రేసుల్లో బొడైన్‌కి అదొక్కటే గెలుపన్నా. దాన్ని కూడా లాక్కుంటావా?

అన్న: ...లాక్కోను. కానీ వాల్ట్రిప్‌కి అన్యాయం జరిగింది.

చెల్లి: జరిగిందేమో. చివరి ఏడాది చెప్పు.

అన్న: 1996 ఏప్రిల్‌లో టెర్రీ లబాంటే గెలిచాడు. వరసగా 513వ రేసు అతనికి, పెట్టీ రికార్డుతో సమానం. అంతకుముందు ఏడాదే ఈనాక్ స్టేలీ పోయారు, ట్రాకు నడిపించిన పెద్దాయన. వాటాలు బ్రూటన్ స్మిత్, బాబ్ బార్ కొనుక్కున్నారు. ఆ ట్రాకుకి ఏటా రెండు రేసు తేదీలుండేవి; ఒకటి టెక్సాస్‌లో వాళ్ల ట్రాకుకి, ఒకటి న్యూ హాంప్‌షైర్‌లో వాళ్ల ట్రాకుకి పోయాయి. ఊళ్లోవాళ్ల సంగతి ఎవరికీ పట్టలేదు.

చెల్లి: నాకిప్పటికీ కోపమే. వాళ్లు కొన్నది ట్రాకు కాదు, తేదీలు.

అన్న: 2023లో మళ్లీ అక్కడే ఆల్‌స్టార్ రేసు పెట్టారు, కైల్ లార్సన్ గెలిచాడు. ఆ వాలు మీద...

చెల్లి: ఇంకో క్వార్టర్. బాబుని బడి నుంచి తేవాలి, రికార్డింగ్ ఆపుతున్నా.

అన్న: ఆగు, ఆ టైర్ల సంగతి ఇంకా...