ఏప్రిల్ పేజీ నుంచి జూన్ దాకా: ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు వార్షిక ప్రణాళిక

వేదిక మీద ఉన్న ప్రధానోపాధ్యాయులకు, మన స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని తెలుగు ఉపాధ్యాయ మిత్రులందరికీ నమస్కారం.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల తెలుగు వార్షిక ప్రణాళిక గురించి మాట్లాడమని నన్ను అడిగారు. బడులు తెరవకముందే ఈ మాటలు జరగడం మంచిది. జులైలో రాసే వార్షిక ప్రణాళిక అప్పటికే గడిచిపోయిన నెలకు సంజాయిషీగా మాత్రమే పనికొస్తుంది.

ఉద్యోగంలో చేరిన మొదటి ఆరేళ్లు నేను వార్షిక ప్రణాళిక రాయలేదు, ఎత్తి రాశాను. పోయిన ఏడాది రికార్డు ముందు పెట్టుకుని, సంవత్సరం మార్చి, సెలవుల తేదీలు సరిచూసి, జూన్‌లో ఒక పాఠం, జులైలో రెండు పాఠాలు అంటూ గళ్లు నింపి సంతకానికి పంపేవాడిని. తనిఖీకి వచ్చిన వాళ్లెవరూ తప్పు పట్టలేదు. సిలబస్ కూడా ఏటా జనవరి నెలాఖరుకే అయిపోయేది. ఒక ఫిబ్రవరిలో ఎనిమిదో తరగతి పిల్లలను, ఊళ్లో జాతర ఎలా జరిగిందో ఒక పేజీ రాయమన్నాను. నలభై మందిలో ఇరవై మందికి పైగా తల వంచుకుని కూర్చున్నారు. కొందరు పాఠ్యపుస్తకంలో జాతర మాట ఉన్న పేరా వెతికి దాన్నే దించారు. వీళ్లంతా లఘు పరీక్షలో పర్యాయపదాలు, నానార్థాలు తడబడకుండా రాసిన పిల్లలే. నా ప్రణాళికలో పాఠాలన్నీ ఉన్నాయి, పిల్లవాడు మాత్రం ఎక్కడా లేడని ఆ రోజు నాకు అర్థమైంది.

అందుకని ఈ రోజు మీ ముందు పెట్టదలచుకున్నది ఒకే ఒక్క సంగతి. ప్రణాళికను మొదటి పాఠం దగ్గర కాక, ఏప్రిల్ మూడో వారంలో ఒక పిల్లవాడు ఎవరి సాయమూ లేకుండా రాసే ఒక పేజీ దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి వెనక్కి నడుచుకుంటూ జూన్‌కు రావాలి. ఆరో తరగతి పిల్లవాడి పేజీ ఎలా ఉండాలి, ఎనిమిదో తరగతి అమ్మాయి పేజీ ఎలా ఉండాలి అన్నది ముందు మనం మన చేత్తో రాసి చూసుకోవాలి. నేను ఏటా మే నెలలో మూడు తరగతులకూ మూడు పేజీలు పిల్లల మాటల్లోనే రాసుకుంటాను. ఆరో తరగతిలో ఒక సంఘటన వరుస తప్పకుండా రావాలి. ఏడులో ఆ సంఘటనలో ఉన్న మనుషులు మాట్లాడాలి. ఎనిమిదిలో పిల్లవాడు తన అభిప్రాయం చెప్పి, దానికి కారణం చూపాలి. ఈ మూడు మెట్లు ఖాయం చేసుకుంటే ఏ పాఠానికి ఎన్ని రోజులు ఇవ్వాలో దానంతట అదే తేలుతుంది.

ఇక లెక్కలకు వద్దాం. విద్యాహక్కు చట్టం 2009 ప్రకారం ఆరు నుంచి ఎనిమిది తరగతులకు ఏడాదికి 220 పనిదినాలు, 1000 బోధన గంటలు ఉండాలి. వారానికి 6 పీరియడ్ల చొప్పున మనకు సుమారు 220 తెలుగు పీరియడ్లు వస్తాయి. చదువు సాగుతుండగా జరిపే నాలుగు నిర్మాణాత్మక మూల్యాంకనాలు, కొన్ని నెలల చదువును కలిపి చూసే రెండు సంగ్రహణాత్మక మూల్యాంకనాలు, వాటి పేపర్లు దిద్ది పిల్లలకు చూపించే రోజులు కలిపి దాదాపు 25 పోతాయి. జాతీయ పండుగల ఏర్పాట్లు, ఆటల పోటీలు, శిక్షణలు, సమావేశాలు, వానకు పిల్లలు రాని రోజులు ఇంకో 20 తీసుకుంటాయి. మిగిలేవి 175. పన్నెండు పాఠాలు అనుకుని పాఠానికి 9 పీరియడ్లు ఇస్తే 108, అదనంగా చదివించే ఉపవాచకానికి 10. ఇంకా 57 పీరియడ్లు మన చేతిలో ఉంటాయి. సమయం చాలడం లేదని ఏళ్ల తరబడి చెప్పుకున్న నేను ఈ కూడికలు, తీసివేతలు మొదటిసారి కాగితం మీద పెట్టినప్పుడు నిజంగా ఆశ్చర్యపోయాను. ఆ 57లో వారానికొకటి చొప్పున 30 చదువుకు, నెలకు రెండు చొప్పున 20 రాతకు ముందే తేదీలతో సహా రాసిపెడతాను. మిగిలిన ఏడింటిని ఖాళీగా వదిలేస్తాను. వాటి సంగతి చివర చెబుతాను.

జూన్‌లో బడి తెరిచాక మొదటి పది రోజులు నేను పుస్తకం తెరవను. చాలాచోట్ల అప్పటికి పుస్తకాలు పూర్తిగా అందవు కూడా. ఆ పది రోజులు పిల్లల మాట వినడానికి, వాళ్ల రాత చూడడానికి కేటాయించుకోవాలి. మీ ఇంట్లో ఉన్న ఒక జీవాన్ని గురించి రాయమంటే, ఏడో తరగతి అబ్బాయి ఒకడు రెండు వాక్యాలు రాసి ఇచ్చాడు: 'మా బర్రె మంచిది. పొదున పాలు ఇచ్చిది.' అంతే. 'పొద్దున'లో వత్తు లేదు, 'ఇచ్చింది'లో సున్న లేదు. అంతకుముందు నేనైతే రెండు చోట్లా ఎర్ర ఇంకుతో చుట్టి, ఒక్కొక్కటి పదిసార్లు రాయమనేవాడిని. ఆ ఏడాది మాత్రం కింద పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశాను: 'మీ బర్రె ఈనిన రాత్రి మీ ఇంట్లో ఎవరెవరు మేలుకున్నారు?' వత్తులు, సున్నలు తరగతిలో సగం మందికి సమస్యే కాబట్టి, వాటిని జులై నెలంతా రోజుకు ఐదు నిమిషాల ఉక్తలేఖనంగా, అంటే నేను చెబుతుంటే పిల్లలు రాసే పనిగా, ప్రణాళికలోకి ఎక్కించాను.

ఆ అబ్బాయి జవాబు రాయడానికి నాలుగు రోజులు పట్టింది. 'నాయిన బ్యాటరీ పట్టుకున్నడు. అమ్మ వేడినీళ్లు పెట్టింది. అవ్వ నన్ను పండుకొమ్మన్నది. నాకు నిద్ర పట్టలేదు.' నాలుగు వాక్యాల్లో నలుగురు మనుషులు, నలుగురికీ నాలుగు పనులు. దూడ పుట్టిన సంగతి ఇంకా రాయనేలేదు. తర్వాతి ప్రశ్న అదే అయింది. జనవరికి అది ఒకటిన్నర పేజీ అయింది, చివర జున్ను ఇరుగుపొరుగు ఇళ్లకు పంచడంతో ముగిసింది. ఏడాది పొడవునా ఇరవై అంశాల మీద ఇరవై వ్యాసాలు రాయించడం కంటే నాలుగైదు రచనలను మళ్లీమళ్లీ తిరగరాయించడం మేలని నేను గట్టిగా నమ్ముతున్నాను. 'స్వీయరచన' శీర్షిక కింద ప్రతి పాఠంలోనూ ప్రశ్నలున్నాయి, వాటికి జవాబులు రాయించక తప్పదు. అయితే గైడు చూసి రాసిన జవాబు స్వీయరచన కాదన్న సంగతి పిల్లలకూ తెలుసు, మనకూ తెలుసు.

ఆ వాక్యాల్లో 'పట్టుకున్నడు', 'పండుకొమ్మన్నది' అన్న మాటలను ఏం చేయాలని మీరు అడగవచ్చు. నేను దిద్దలేదు. సెప్టెంబర్ 9న కవి కాళోజీ జయంతిని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు పిల్లల చేత ఉపన్యాసాలు బట్టీ పట్టించి చెప్పించడం కంటే, ఆ నెల రెండు రాత పీరియడ్లనూ ఇంటి మాటకే ఇచ్చేయడం సరైన పని. ఇంట్లో జరిగిన ఒక సంభాషణను ఇంట్లో పలికినట్టే రాయాలి. మరో పీరియడ్‌లో అదే సంభాషణను ప్రధానోపాధ్యాయులకు రాసే ఉత్తరంలో ఎలా రాస్తామో చూడాలి. 'పట్టుకున్నడు', 'పట్టుకున్నాడు' రెండూ భాషేనని, ఎక్కడ ఏది వాడాలో తెలియడం చదువని పన్నెండేళ్ల పిల్లలు ఒక్క గంటలో గ్రహిస్తారు. ఇంటి మాట తప్పని చెప్పిన గదిలో పిల్లవాడు నోరు విప్పడు. నోరు విప్పని పిల్లవాడి చేత పేజీ రాయించలేం.

దసరా సెలవులకు ముందు ఇచ్చే ప్రాజెక్టు పనిని కూడా దీనికే కలుపుతాను. అవ్వనో అమ్మమ్మనో అడిగి ఒక బతుకమ్మ పాట, లేదా ఐదు సామెతలు, ఆమె చెప్పింది చెప్పినట్టు రాసుకురావాలి. చార్టులు కొని, బొమ్మలు అంటించి, తల్లిదండ్రులకు ఖర్చు పెట్టించే ప్రాజెక్టులను నేను పూర్తిగా మానేశాను.

చదువు పీరియడ్ గురించి క్లుప్తంగా చెబుతాను. వారంలో ఒక రోజు ఖాయం చేయండి, ఆ రోజు బీరువా తాళం తెరిచి పుస్తకాలు పిల్లల చేతికివ్వండి. పుస్తకాలు చిరుగుతాయి, చిరగనివ్వండి. మొదటి పది నిమిషాలు మనమే గొంతెత్తి చదవాలి, మిగతా సమయం వాళ్లు చదువుకోవాలి. సారాంశం రాయమనవద్దు, తమకు నచ్చిన ఒక్క వాక్యం నోటుబుక్కులో ఎక్కించుకుంటే చాలు. ఆరో తరగతికి వచ్చినా కూడబలుక్కుని చదివే పిల్లలు ప్రతి బడిలో ఉన్నారు. వాళ్లను వేరే వరుసలో కూర్చోబెట్టి అందరి ముందూ సిగ్గుపడేలా చేయకుండా, ఈ పీరియడ్‌లోనే పక్కన కూర్చుని నలుగురి చేత చదివించవచ్చు.

తెలంగాణలో 2018 చట్టంతో అన్ని బడుల్లోనూ తెలుగు తప్పనిసరి అయింది. మన గదుల్లో ఇంట్లో లంబాడీ మాట్లాడే పిల్లలు, ఉర్దూ మాట్లాడే పిల్లలు, ఇటుక బట్టీల పనికి ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు ఉన్నారు. వీళ్లకు తెలుగు రెండో భాష, కొందరికి మూడోది. తండా నుంచి వచ్చే ఒక అమ్మాయి మొదటి మూడు నెలలూ 'ఊ', 'ఉహూ' తప్ప మాట్లాడలేదు. వాళ్ల భాషలో అమ్మను, నీళ్లను ఏమంటారో అడిగి, ఆ మాటలను తెలుగు మాటల పక్కన తెలుగు లిపిలో బోర్డు మీద రాయించాను. 'యాడీ', 'పాణి' అని తనే వచ్చి రాసింది. 'పదజాలం' అభ్యాసానికి అంతకంటే మంచి ఆరంభం నాకు దొరకలేదు. మీ ప్రణాళికలో జులై గడిలో ఈ పనికి ఒక పీరియడ్ రాసుకోండి.

వ్యాకరణాన్ని 'భాషను గురించి తెలుసుకుందాం' అన్న పేరుతో పాఠం చివర పెట్టారు కనుక చివరి పీరియడ్‌లో హడావిడిగా ముగించడం మనకు అలవాటైపోయింది. సంధి పిల్లల నోట్లో ఉన్నది. 'మేనత్త' అనని పిల్లవాడు లేడు, 'ఏమంటివి' అన్నా వాడికి అర్థమవుతుంది. మేన + అత్త, ఏమి + అంటివి అని విడదీసి, ఎగిరిపోయిన అచ్చు ఏదో వాళ్లచేతనే పట్టిస్తే అకార సంధి, ఇకార సంధి అన్న పేర్లు ఆ తర్వాత ఊరికే అంటుకుంటాయి. సూత్రం ముందు చెప్పి, ఉదాహరణ తర్వాత చెప్పే వరుసను తిరగేయండి.

ఎనిమిదో తరగతి ఛందస్సు దగ్గర కొంచెం ఆగుతాను, ఎందుకంటే మనం ఎక్కువగా భయపెట్టేది అక్కడే. గురులఘువులను, అంటే సాగదీసి పలికే, పొట్టిగా పలికే అక్షరాలను, జనవరిలో ఒక్కసారిగా కుమ్మరించకుండా, జూన్ నుంచే రోజుకొక వేమన పద్యం చప్పట్లతో చదివించాలి. అవి చాలావరకు ఆటవెలది అనే ఛందస్సులో ఉంటాయి. గురులఘువుల చిన్న గుంపును గణం అంటాం. ఆటవెలదిలో ఒకటి, మూడు పాదాలకు మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు. రెండు, నాలుగు పాదాలకు అయిదూ సూర్యగణాలే. సూర్యగణాలు రెండే రెండు: మూడు లఘువుల నగణం, గురువు తర్వాత లఘువు వచ్చే హగణం. అందుకే గణవిభజన నేర్పడానికి నేను రెండో పాదాన్ని ముందు తీసుకుంటాను. ఆరు నెలలుగా చప్పట్లు కొట్టిన చేతులకు ఆ అయిదు ముక్కలు ముందే తెలుసు, పెన్సిల్ గీత పెట్టడమే మిగులుతుంది. పద్యం వేగం చెవికి పట్టిన పిల్లవాడు గణం తప్పుగా విడదీస్తే తనే ఆగి దిద్దుకోవడం నేను చాలాసార్లు చూశాను.

మూల్యాంకనం మన చేతుల్లో పూర్తిగా లేదు. నిర్మాణాత్మక మూల్యాంకనంలో ఉన్న నాలుగు సాధనాల్లో లఘు పరీక్ష ఒక్కటే పేపర్ మీద జరిగేది. పిల్లల భాగస్వామ్యం-ప్రతిస్పందనలు, రాత పనులు, ప్రాజెక్టు పని మన ప్రణాళికలోంచే రావాలి. రాత పీరియడ్లు నిజంగా జరిగితే వాటికి వేరే రికార్డులు సృష్టించే పని ఉండదు, తిరగరాసిన నోటుబుక్కులే రికార్డులు.

ఇక ఆ ఏడు ఖాళీ పీరియడ్లు. ఊళ్లో కోతులు పడి పంట పోయిన రోజు, చెరువు అలుగు పారిన రోజు, బడికి కొత్త పిల్లవాడు వచ్చిన రోజు వాటిని వాడతాను. ఆ రోజు పిల్లల దగ్గర చెప్పడానికి మాటలు ఉంటాయి, పాఠం వాటికి అడ్డుపడకూడదు. ప్రణాళికలో 'ఖాళీ' అని రాస్తే తనిఖీలో అడుగుతారని కొందరు మిత్రులు సందేహం వెలిబుచ్చారు. 'సందర్భోచిత రచన' అని రాయండి, అది అబద్ధమూ కాదు.

మీ ముందు ఇప్పుడు తెల్లకాగితాలు పెట్టారు. భోజన విరామం దాకా గంటన్నర ఉంది. పాఠాల జాబితా పక్కన పెట్టి, మీ తరగతిలో మధ్యస్థంగా చదివే ఒక పిల్లవాణ్ని మనసులో పెట్టుకుని, వాడు వచ్చే ఏప్రిల్‌లో రాయాల్సిన పేజీని వాడి మాటల్లో రాయండి. జూన్ 12న బడి తెరిచాక ఆ పిల్లవాడు రాసే మొదటి కాగితాన్ని, ఎంత చిన్నదైనా, దిద్దకుండా తేదీ వేసి ఈ పేజీతో కలిపి బీరువాలో దాచండి. ఏప్రిల్ చివరి పీరియడ్‌లో రెండూ వాడి చేతికే ఇవ్వండి.