సరుకు ఖాళీ చేసేవాళ్ళ దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ ఉందా? డ్రమ్ములు, జంబో బ్యాగులు, కంటెయినర్ల సైజులపై చర్చ

(తిరుపతి స్టూడియోలో రికార్డు చేసిన చర్చా కార్యక్రమం పాఠం. పాల్గొన్నవారు: చిత్తూరు దగ్గరి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ మేనేజర్, చెన్నై రేవు నుంచి సరుకు పంపించే షిప్పింగ్ ఏజెంట్, కంటెయినర్లు నింపించే లోడింగ్ మేస్త్రి.)

సమన్వయకర్త: నమస్కారం. తోతాపురి సీజన్ వచ్చిందంటే ఫ్యాక్టరీ గేట్ల ముందు మామిడి ట్రాక్టర్లు బారులు తీరడం మన జిల్లాలో అందరికీ తెలుసు. కాయ గేటు దాటి లోపలికి పోయాక దాని ప్రయాణం గురించి మాత్రం ఎవరూ పెద్దగా మాట్లాడుకోరు. రైతు ఏడాది కష్టం అందులోనే ఉంటుంది కదా, అందుకే ఈరోజు దాని గురించి కూర్చున్నాం. మేనేజర్ గారూ, గుజ్జుకు 200 లీటర్ల డ్రమ్మే ఎందుకు? ఇంకా పెద్దది పెట్టుకుంటే పని తగ్గదా?

మేనేజర్: అందరూ ముందు ఆ ప్రశ్నే వేస్తారండీ. మా దగ్గర గుజ్జును వేడి చేసి, చల్లార్చి, క్రిములు లేని సంచిలో గాలి తగలకుండా నింపి మూసేస్తాం. దాన్ని అసెప్టిక్ సంచి అంటాం. ఆ సంచి ఇనప డ్రమ్ములో కూర్చుంటుంది. ఒక్కో డ్రమ్ములో 215 కేజీలు. పేరుకు 200 లీటర్ల డ్రమ్మే గానీ, అంచు దాకా పోస్తే 210 లీటర్ల పైనే పడుతుంది. తోతాపురి గుజ్జు నీళ్ళకంటే బరువు, లీటరు దాదాపు కేజీ 60 గ్రాములు తూగుతుంది. అంటే 215 కేజీలకు 203 లీటర్ల చోటు చాలు, పైన కాస్త ఖాళీ మిగులుతుంది. సైజు గురించి మాట్లాడేటప్పుడు ముందు లీటర్లకు, కేజీలకు ఈ తేడా తెలియాలి.

సమన్వయకర్త: మరి 1000 లీటర్లవి, చుట్టూ ఇనప పంజరం ఉన్న ప్లాస్టిక్ ట్యాంకులు?

మేనేజర్: ఐబీసీలు. వాటితో నేనొకసారి గట్టి దెబ్బ తిన్నాను, చెప్తాను. కాగితం మీద లెక్క వేస్తే ఐబీసీయే గెలుస్తుంది. 20 అడుగుల కంటెయినర్లో డ్రమ్ములైతే 80 పడతాయి, గుజ్జు 17 టన్నుల 200 కేజీలు. ఐబీసీలైతే కింద 10, పైన 10, మొత్తం 20. గుజ్జు 21 టన్నుల పైమాట. ఒక్క కంటెయినర్లోనే 4 టన్నులు ఎక్కువ పోతుంది! కొనేవాళ్ళతో మాట్లాడి ఒప్పించి పంపించాం. వాళ్ళది చిన్న జ్యూస్ యూనిట్. డ్రమ్మును చేత్తో తోసుకుపోయే ట్రాలీ ఉందిగానీ ఫోర్క్‌లిఫ్ట్ లేదు. 1100 కేజీలు తూగేదాన్ని బండిలోంచి దించడానికే ఒక పూట పట్టింది. అది ఎలాగో గట్టెక్కారు. అసలు నష్టం తర్వాత వచ్చింది. వాళ్ళు రోజుకు వాడేది 300 లీటర్లు. మూసిన సంచి ఫ్రిజ్ లేకుండా ఏడాది పైన ఉంటుంది గానీ, ఒకసారి తెరిచామంటే చల్లగా పెట్టి ఒకటి రెండు రోజుల్లో వాడేయాల్సిందే. ఆ ట్యాంకును ఎక్కడ చల్లగా పెడతారు? మూడో రోజుకు పులుపెక్కింది. ఫోటోలు పంపించారు, మూత దగ్గర నురగ కనిపిస్తోంది. తప్పు వాళ్ళది కాదు. నేను అడగాల్సింది అడగలేదు.

సమన్వయకర్త: ఏం అడిగి ఉండాల్సింది?

మేనేజర్: మీరు రోజుకు ఎంత వాడతారు, దేంతో ఎత్తుతారు. ఇప్పుడు ధర మాట్లాడకముందే ఈ రెండూ అడుగుతాను. సైజు నింపేవాళ్ళ సౌకర్యం చూసి పెట్టేది కాదు, ఖాళీ చేసేవాళ్ళను అడిగి పెట్టేది. పెద్ద జ్యూస్ కంపెనీ అయితే రోజుకు పది ట్యాంకులైనా తాగేస్తుంది, వాళ్ళకు ఐబీసీ మంచిదే. హోటళ్ళకు, ఐస్‌క్రీం వాళ్ళకు డ్రమ్ము కూడా ఎక్కువే. వాళ్ళకోసం 3 కేజీల 100 గ్రాముల పెద్ద టిన్నులున్నాయి, పెట్టెకు ఆరు.

మేస్త్రి: సార్ ఐబీసీ లెక్క చెప్పారు గానీ, ఎక్కించే కష్టం చెప్పలేదు. (జేబులోంచి టేపు తీసి బల్ల మీద పరుస్తూ) ఐబీసీ ఎత్తు 116 సెంటీమీటర్లు. రెండు పేరిస్తే 232. కంటెయినర్ లోపల ఎత్తు సుమారు 239, పడుతుంది. కానీ తలుపు దగ్గర పైన దూలం ఉంటుంది కదా, అక్కడ ఎత్తు 228 మాత్రమే. బయట ఒకదాని మీద ఒకటి పెట్టి తోసేద్దామంటే దూలానికి తగులుతుంది. ఒక్కొక్కటే లోపలికి తీసుకుపోయి, అక్కడ ఎత్తి పెట్టాల. పైన 7 సెంటీమీటర్ల సందే ఉంటుంది, బెత్తెడు కూడా లేదు. డ్రైవర్ చెయ్యి కుదురుగా లేకపోతే పైకప్పు చిల్లు పడుతుంది. వానలో ఆ చిల్లు ఎంత పనిచేస్తుందో మీకే తెలుసు.

సమన్వయకర్త: డ్రమ్ములు?

మేస్త్రి: డ్రమ్ము అడ్డం 58 సెంటీమీటర్ల చిల్లర, 58న్నర అనుకోండి. వరసకు నాలుగు పెడితే 234. కంటెయినర్ లోపల వెడల్పు 235. వేలు కూడా దూరదు! పొడవునా పది వరసలు, 585. లోపల పొడవు 590. ఆ డ్రమ్మూ ఈ పెట్టే ఒకదానికోసం ఒకటి పుట్టినట్టే ఉంటాయి. అందుకే ఒక్క డ్రమ్ము సొట్టపడి ఉబ్బి ఉన్నా వరస మొత్తం నిలిచిపోతుంది. నేను ప్రతి డ్రమ్మునూ చేత్తో తడిమి చూసే లోపలికి పంపిస్తా. రెండో అంతస్తు వేసేముందు మధ్యలో ప్లైవుడ్ పరవాల. అది మానేసి మిగిల్చుకునేదేమీ ఉండదు.

సమన్వయకర్త: మేడమ్, 40 అడుగుల కంటెయినర్ తీసుకుంటే 160 డ్రమ్ములు ఒకేసారి పోతాయి కదా అని చాలామంది అనుకుంటారు.

ఏజెంట్: చోటు ఉంటుంది, బరువు ఒప్పుకోదు. 20 అడుగులదైనా 40 అడుగులదైనా సాధారణంగా సరుకుతో కలిపి మోయగలిగే గరిష్ఠ బరువు ఒకటే, 30,480 కేజీలు. 40 అడుగులది ఖాళీగానే మూడు ముప్పావు టన్నులు ఉంటుంది, 20 అడుగులది రెండు టన్నుల చిల్లర. అంటే పెద్దదాంట్లో సరుకు మోసే శక్తి ఇంకా తక్కువ! డ్రమ్ముతో కలిపి 230 కేజీల పైన ఉంటుంది కాబట్టి, 110 దాటాక పెద్ద పెట్టె కూడా చేతులెత్తేస్తుంది. మిగతా చోటంతా ఖాళీ, దానికీ కిరాయి కట్టాల్సిందే. గుజ్జు, గ్రానైట్, పంచదార లాంటి బరువైన సరుకుకు 20 అడుగులది. తేలికగా ఉండి చోటు తినే సరుకుకు 40 అడుగులది. ఈ తేడా కొత్తవాళ్ళు కొటేషన్ అడిగే ముందే తెలుసుకుంటే నాకూ వాళ్ళకూ సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంకొకటి, దిగే దేశంలో రోడ్డు కూడా చూసుకోవాలి. అమెరికా జాతీయ రహదారుల మీద బండి, పెట్టె, సరుకు అన్నీ కలిపి 80,000 పౌండ్లు, అంటే 36 టన్నుల చిల్లర దాటకూడదు. ఓడ మోసినంతా అక్కడి ట్రక్కు మోయలేదు. ఇక్కడ నిండుగా నింపి పంపిస్తే అక్కడ ప్రత్యేక ట్రైలర్ వెతుక్కోవాలి, ఆ ఖర్చు మళ్ళీ మన బిల్లులోకే వస్తుంది.

సమన్వయకర్త: కాటా చీటీ సంగతి?

ఏజెంట్: 2016 జూలై 1 నుంచి ప్రపంచమంతా ఒకటే నియమం. నింపిన కంటెయినర్ సరైన బరువు రాసివ్వకపోతే ఓడ ఎక్కించరు. నింపాక కాటా వేయించొచ్చు, లేదా సరుకు, డ్రమ్ములు, సరుకు కింద పెట్టే బల్లలు అంటే ప్యాలెట్లు, ప్లైవుడ్ అన్నీ విడివిడిగా తూచి, తలుపు మీద రాసి ఉన్న ఖాళీ బరువు కలపొచ్చు. చాలామంది ప్యాలెట్లు మర్చిపోతారు. చెక్క ప్యాలెట్ అయితే లోపలి చెక్క 56 డిగ్రీల దగ్గర 30 నిమిషాలు వేడెక్కినట్టు ముద్ర కూడా ఉండాలి.

సమన్వయకర్త: లైన్లో ఒకరున్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో మహిళ: నమస్తే అన్నా. మాది పలమనేరు పక్కన. చెనక్కాయలు ఒలిపించి గింజలు అమ్ముతాం. చెన్నై వ్యాపారి ఒకాయన కంటెయినర్లో పంపించాల, టన్ను పట్టే జంబో బ్యాగులు, అవే మిషన్‌తో ఎత్తే పెద్ద సంచులు, తీసుకోండి అంటున్నాడు. 200 బ్యాగులు ఆర్డర్ పెట్టేయమంటారా?

మేస్త్రి: ఆగమ్మా, పెట్టొద్దు. ఇంట్లో బకెట్, కాటా ఉన్నాయా? బకెట్ నిండా నీళ్ళు పోసి, నీళ్ళ బరువు ఎంతో చూడు. ఎన్ని కేజీలైతే అన్ని లీటర్ల బకెట్. తర్వాత దాన్ని ఆరబెట్టి, గింజలు తలకొట్టి నింపి మళ్ళీ తూకం వెయ్. లైన్ పెట్టేయ్, మళ్ళీ చెయ్.

సమన్వయకర్త: ఈలోగా నిల్వ గురించి. మేనేజర్ గారూ, మన ఎండలకు యార్డులో ఏది నిలుస్తుంది?

మేనేజర్: బయట ఏదీ పెట్టకూడదండీ. జంబో బ్యాగు అల్లిన దారం ఎండకు చీకిపోతుంది, చూడ్డానికి బాగానే ఉంటుంది, ఎత్తినప్పుడు పైనుండే పట్టీలు, అవే చెవులు, తెగుతాయి. గుజ్జు రంగు కూడా వేడికి మారిపోతుంది. షెడ్డులో పెట్టాల్సిందే. ఖాళీ డ్రమ్ములకు కూడా చోటు కావాలి, దీన్ని ఎవరూ లెక్కలో వేసుకోరు. సీజన్‌కు ముందే వేలల్లో దిగుతాయి. పైన వెడల్పుగా, కింద సన్నగా ఉండే డ్రమ్ములు గ్లాసుల్లా ఒకదాంట్లో ఒకటి దూరిపోతాయి. షెడ్డు చిన్నదైతే అవే తీసుకోవాలి.

ఫోన్‌లో మహిళ: అన్నా, చూశాను. నీళ్ళు 15 కేజీలు. గింజలు 9 కేజీల 400 గ్రాములు.

మేస్త్రి: సంతోషం. 15 లీటర్లకు అంతైతే ఘనపు మీటరుకు, అంటే వెయ్యి లీటర్లకు, 627 కేజీలు. టన్నుకు ఘనపు మీటరున్నర పైన కావాల. ఇప్పుడు విను. మీటరు అడ్డం ఉన్న బ్యాగు నింపితే చదరంగా ఉండదమ్మా, కుండలా గుండ్రమవుతుంది. నాలుగు పక్కలా కలిపి నాలుగు మీటర్ల గుడ్డ, గుండ్రమైతే అడ్డం 127 సెంటీమీటర్లు. పక్కపక్కన రెండు పెడితే 254. పెట్టె వెడల్పు ఎంతన్నాను?

ఫోన్‌లో మహిళ: 235.

మేస్త్రి: పట్టదు కదా! 90 సెంటీమీటర్ల బ్యాగైతే ఉబ్బి 115 దగ్గర ఆగుతుంది, రెండు కలిపి 230. పడుతుంది. కానీ దాంట్లో టన్ను పోస్తే మీటరున్నర ఎత్తు లేస్తుంది, పైన రెండోది ఎక్కదు. 600 కేజీలు పోస్తే 93 సెంటీమీటర్లే. కింద పది, పైన పది, 20 బ్యాగులు, 12 టన్నులు.

ఏజెంట్: అమ్మా, అదే కంటెయినర్లో 50 కేజీల గోనె సంచులైతే 380 దాకా పడతాయి, 19 టన్నులు. కూలి ఎక్కువవుతుంది. లోపల అడ్డకుట్లు వేసి, ఉబ్బకుండా చదరంగా నిలబడే జంబో బ్యాగులూ ఉన్నాయి, ధర ఎక్కువ.

ఫోన్‌లో మహిళ: మరి ఆయన జంబోనే ఎందుకు అడుగుతున్నాడు?

మేనేజర్: అది ఆయన్నే అడగాలమ్మా. అవతల దిగేచోట ఎత్తే మిషన్ ఉందా, ఉంటే ఎంత బరువు ఎత్తుతుంది, కింద నోరు విప్పి పోసుకునే తొట్టి ఉందా? తొట్టి ఉంటే కిందనోరు ఉన్న బ్యాగు కుట్టించాలి. మనుషులే మోసేచోటైతే గోనె సంచే తీసుకో.

మేస్త్రి: ఏదైనా సరే, 200 ఒకేసారి వద్దు. ఒక్కటి కుట్టించుకో. నాలుగు చెవులకూ కట్టి ఎత్తి చూడు, రెండు చెవులతో మాత్రం ఎప్పుడూ ఎత్తించవద్దు. 600 కేజీలు పోసి, నడుము చుట్టూ టేపు పెట్టి కొలువు. 3 మీటర్ల 60 దాటిందంటే ఆ కుట్టేవాడు కొలత తప్పినట్టే, నాకు ఫోన్ చెయ్. మిగతా ఆర్డర్ తర్వాత పెడుదువు.