హైకోర్టు ఎదురుగా స్తంభాల బడి

నేను: పెదనాన్నా, మొన్న చెన్నైలో ప్యారిస్ కార్నర్ దగ్గర బస్సు దిగి నువ్వు చెప్పిన భవనం కోసం తెగ వెతికాను. కనిపించలేదు.

పెదనాన్న: దాని ముందు నుంచే నడిచి వెళ్లుంటావమ్మా. ఎన్.ఎస్.సి. బోస్ రోడ్డులో హైకోర్టు వైపు నిలబడి చూడాలి. దుకాణాల వెనక లావుపాటి స్తంభాలుంటాయి, అదే పచ్చయప్ప హాలు. ఏథెన్స్‌లో థీసియస్ గుడి అని పిలిచే ఆలయం నమూనాలో కట్టారు. 1846లో శంకుస్థాపన, 1850లో ప్రారంభం. ఎదురుగా ఉన్న హైకోర్టు భవనం వచ్చింది 1892లో!

నేను: అంత ఖర్చు ఎవరు పెట్టారు?

పెదనాన్న: పచ్చయప్ప ముదలియార్ సొమ్ము. దుబాసీ ఆయన. మన ద్విభాషి అన్న మాటే అలా అయింది. కంపెనీ దొరలకూ మనవాళ్లకూ మధ్య వ్యవహారాలు నడిపేవాడు. 1794లో పోయాడు, నలభై ఏళ్లకే. ఆస్తి గుళ్లకూ దానధర్మాలకూ రాశాడు. ఆ వీలునామా కొన్ని దశాబ్దాలు కోర్టులో నలిగింది. చివరికి అడ్వకేట్ జనరల్ జార్జ్ నార్టన్ పట్టుబడితే, ధర్మకార్యాలకు పోగా మిగిలినదాంతో పిల్లలకు చదువు చెప్పించాలని తేలింది. 1842లో బడి మొదలైంది, తర్వాత ఈ భవనంలోకి వచ్చింది.

నేను: బడి ఒక్కటేనా?

పెదనాన్న: సభలు కూడా! 1894లో, వివేకానందుడు ఇంకా అమెరికాలో ఉండగానే, ఆయన్ని అభినందిస్తూ ఇక్కడ సభ పెట్టారు. బడి కాస్తా కాలేజీ అయింది. అన్నాదురై చదివింది అందులోనే. కానీ నాకు అన్నిటికంటే రామానుజన్ సంగతే ముఖ్యం. 1906లో ఎఫ్.ఏ., అంటే ఇప్పటి ఇంటర్ లాంటిది, చదవడానికి ఈ కాలేజీలో చేరాడు. లెక్కల్లో ఆయనకు తిరుగులేదు. మిగతా సబ్జెక్టులే ముంచాయి. 1907లో ఫెయిల్.

నేను: ఆ రామానుజనే?

పెదనాన్న: ఆ రామానుజనే. మీ నాన్న ప్లస్‌టూలో కెమిస్ట్రీ తప్పినప్పుడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. నేను వాణ్ణి స్కూటర్ మీద తీసుకొచ్చి హైకోర్టు గోడ పక్కన నిలబెట్టాను. ‘అదిగో, రామానుజన్ తప్పింది అక్కడ చదువుతూనే’ అన్నాను. వాడేం మాట్లాడలేదు. చేతి వెనక భాగంతో ముక్కు తుడుచుకుని, వేలు చూపిస్తూ స్తంభాలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మధ్యలో బస్సు అడ్డం వస్తే మళ్లీ మొదటి నుంచీ లెక్కపెట్టాడు.

నేను: నాన్న నాకెప్పుడూ చెప్పలేదు.

పెదనాన్న: చెప్పడులే. 1940లో కాలేజీ చేట్‌పట్‌కి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఈ భవనం వైపు తలెత్తి చూసేవాళ్లు తగ్గారు. నాకు అదే బాధ. ఆదివారం పొద్దున్నే, దుకాణాలు తెరవకముందు, నాన్నను తీసుకుని వెళ్లు. స్తంభాలెన్నో వాణ్ణే అడుగు.