తోడు తెగని పీపాలు: హెరెజ్ పాత షెర్రీల గురించి

సభకు నమస్కారం.

ఈ సభలో హోటల్ రంగంలో పనిచేసేవారు, ఆ చదువు చదువుతున్నవారు ఎక్కువమంది ఉన్నారు కనుక షెర్రీ అన్న మాట మీకు కొత్త కాదనుకుంటాను. అయితే మనలో చాలామందికి ఆ మాట విస్కీ సీసా మీద "షెర్రీ కాస్క్", అంటే షెర్రీ పీపా, అని కనిపించడం వల్లనే పరిచయమైంది. ఒక గొప్ప వైన్ పేరు ఇంకొక మద్యానికి విశేషణంగా మాత్రమే మిగలడం నాకు మొదటినుంచీ బాధ కలిగించే విషయం. పైగా విస్కీ కోసం పంపే పీపాలలో ఎక్కువభాగం ఆ పని కోసమే కొత్తగా చేయించి, ఒకటి రెండేళ్లు షెర్రీతో నానబెట్టినవి. తరాల నాటి షెర్రీ ఉన్న పీపాలు తమ చోటు విడిచి ఎక్కడికీ పోవు. ఈ సాయంత్రం నేను మాట్లాడదలచుకున్నది ఆ కదలని పీపాల గురించి.

స్పెయిన్ దక్షిణ కొసన, కాదిజ్ ప్రాంతంలో, హెరెజ్, సాన్లుకార్, ఎల్ పుయెర్తో అనే మూడు ఊళ్ల మధ్య ఈ వైన్ పుట్టిల్లు ఉంది. అరబ్బుల ఏలుబడిలో హెరెజ్‌ను షెరీష్ అనేవారు. ఇంగ్లీషువారి నోట పడి అదే షెర్రీ అయింది. అక్కడి నేల సున్నపు మట్టి, ఎండలో కళ్లు మిరుమిట్లు గొలిపేంత తెలుపు. శీతకాలపు వానను స్పాంజిలా పీల్చుకుని, వేసవిలో పైన గట్టి పొర కట్టి, లోపలి తడిని వేళ్లకోసం దాచి ఉంచుతుంది. ఆ నేలలో పండే పాలోమినో ద్రాక్ష నుంచి వచ్చే వైన్‌కు మొదట చెప్పుకోదగ్గ రుచి ఏమీ ఉండదు. షెర్రీ గొప్పతనమంతా తోటలోకంటే పీపాలోనే ఎక్కువ తయారవుతుందని నా అభిప్రాయం, దీన్ని ఒప్పుకోనివారు హెరెజ్‌లోనే ఉన్నారు.

పులిసిన వైన్‌కు ద్రాక్ష సారాయి కలిపి ఆల్కహాలును 15 శాతం దగ్గర ఆపితే, దాని మీద ఈస్టు తెల్లటి మీగడలా తెట్టు కడుతుంది. దాన్ని అక్కడివారు ఫ్లోర్, అంటే పువ్వు అంటారు. ఆ తెట్టు కింద గాలి తగలకుండా పెరిగేది ఫీనో. 17 శాతం దాటిస్తే తెట్టు బతకదు. గాలి సోకుతూ ముదిరేది ఒలొరోసో. కొన్నేళ్లు తెట్టు కింద ఉండి, ఆ తరువాత తెట్టు పోయి గాలిపాలైనది అమోంటియాడో. ఈ మూడింటికీ చెందకుండా, అమోంటియాడో వాసనతో ఒలొరోసో నిండుదనంతో తయారయ్యేది పాలో కోర్తాదో. ఆ పేరుకు "కోసిన గీత" అని అర్థం. పీపా ముఖం నల్లగా ఉంటుంది. సున్నితంగా తయారవుతున్న వైన్ అనిపిస్తే బొదేగా, అంటే వైన్ నిల్వచేసే గిడ్డంగి, పెద్ద పనివాడు దాని మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తాడు. కొంతకాలానికి అది దారి మార్చుకుందని ముక్కుతో పసిగడితే, ఆ గీతకు అడ్డంగా ఇంకొక చిన్న గీత పెడతాడు. నేటికీ ఎంతో విలువైన ఒక వైన్ రకానికి పేరు ఆ సుద్దగీత నుంచే వచ్చింది.

ఇక షెర్రీని ముదరబెట్టే పద్ధతి అయిన సొలేరా సంగతి. దీన్ని తెలుగువారికి వివరించడం తేలిక. మన ఇళ్లలో రాత్రి పాలలో నిన్నటి పెరుగు తోడు వేస్తాం. ఆ నిన్నటి పెరుగుకు మొన్నటిది తోడు. సొలేరాలోనూ అంతే. పీపాలను అంతస్తులుగా పేరుస్తారు. నేలకు ఆనుకున్న వరుసలో అన్నిటికంటే పాత వైన్ ఉంటుంది, సీసాలలోకి తీసేది అక్కడినుంచే. తీసినంత మేర పై వరుసలోని కొంచెం లేత వైన్‌తో నింపుతారు, దాన్ని ఆ పై వరుసతో నింపుతారు, చిట్టచివరి వరుసలోకి కొత్త వైన్ చేరుతుంది. ఏ పీపానూ ఎన్నడూ పూర్తిగా ఖాళీ చేయరు. అందువల్ల మొదటి ఏడాది పోసిన వైన్ లవలేశమైనా అందులో మిగిలే ఉంటుంది. అయితే పెరుగుకు వయసు రాదు, షెర్రీకి వస్తుంది. ఆ వయసు ఎంత రావాలన్నది ఏటా ఎంత తీస్తారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కువ తీస్తే వైన్ లేతబడుతుంది, తక్కువ తీస్తే ముదురుతుంది. అంటే అరుదైన పాత షెర్రీ అన్నది ఎవరో ఒక ఏడాది తయారుచేసిన సరుకు కాదు. అమ్మగలిగి ఉండి కూడా అమ్మకుండా తరతరాలు నిగ్రహించుకున్న ఫలితం.

ఇందుకు నేను ఎంచుకున్న ఉదాహరణ గొంజాలెజ్ బయస్ కుటుంబ సంస్థ. మాన్యుయెల్ మరియా గొంజాలెజ్ 1835లో, 23 ఏళ్ల వయసులో హెరెజ్‌లో ఈ వ్యాపారం మొదలుపెట్టాడు. వైన్ గురించి అతనికి పెద్దగా తెలియదు. తెలిసినవాడు అతని మేనమామ హోసే. ఆ మామకు ఇష్టమైన పల్చటి, తీపిలేని వైన్ పీపాలకే టియో పెపే అని పేరు పెట్టాడు. హోసేకు ముద్దుపేరు పెపే కనుక, పెపే మామ అని అర్థం. 1855లో లండన్ ఏజెంటు రాబర్ట్ బయస్ భాగస్వామిగా చేరాడు. 1988లో బయస్ వంశీకుల వాటా కూడా గొంజాలెజ్ కుటుంబం చేతికే వచ్చింది.

టియో పెపే ప్రపంచమంతా దొరుకుతుంది. కానీ ఆ ఇంటి అసలు సంపద నాలుగు పాత సొలేరాలు: అమోంటియాడో దెల్ దూకె, పాలో కోర్తాదో రకమైన అపోస్తొలెస్, తీపి ఒలొరోసో అయిన మతుసలెం, పెడ్రో హిమేనెజ్ ద్రాక్షను ఎండలో చాపల మీద ఎండబెట్టి పిండిన నోయె. ఈ పేర్లలో మూడు బైబిలువి. తెలుగు బైబిలు చదివినవారు మతుసలెంను 969 ఏళ్లు బతికిన మెతూషెలగా, నోయెను ద్రాక్షతోట నాటిన నోవహుగా వెంటనే గుర్తుపడతారు. వయసుకు పేరు పెట్టడంలో ఇంతకంటే ఔచిత్యం ఏముంటుంది!

ఈ నాలుగూ 30 ఏళ్లకు తక్కువ కాని వయసున్నవిగా ధ్రువీకరణ పొందినవి. 2000 సంవత్సరంలో అక్కడి నియంత్రణ మండలి సగటు వయసు 20 ఏళ్లు దాటిన వాటికి ఒకటి, 30 ఏళ్లు దాటిన వాటికి ఒకటి చొప్పున రెండు ముద్రలు ప్రవేశపెట్టింది. అంతకుముందు ఇటువంటి పాత వైన్‌లో ఎక్కువభాగం లేత వైన్‌కు పట్టు ఇవ్వడానికి కొద్దికొద్దిగా కలపడంలోనే ఖర్చయ్యేది. ముద్ర కావాలంటే నిపుణులు పేరు చూడకుండా రుచి చూస్తారు, కార్బన్ 14 పరీక్ష ఆసరా తీసుకుంటారు. వీటన్నిటికంటే గట్టి నిబంధన ఇంకొకటి ఉంది: 30 ఏళ్ల ముద్ర ఉన్న వైన్ ఏడాదిలో ఒక లీటరు అమ్మాలంటే అదే వయసు వైన్ 30 లీటర్లు ఇంట్లో నిల్వ ఉండాలి.

ఒక్కసారి లెక్క వేసి చూద్దాం. ఉదాహరణకు ఒక కుటుంబానికి 30 పీపాల పాత వైన్ ఉందనుకోండి. ఒక్కో పీపాలో 500 లీటర్లు ఉన్నాయనుకుంటే మొత్తం 15,000 లీటర్లు. అందులో ఏడాదికి 500 లీటర్లకు మించి తీయకూడదు. ఏటా 3 శాతం ఆవిరైపోతుందనుకున్నా 450 లీటర్లు గాలిలో కలుస్తాయి. అంటే అమ్మినంత వైన్ దాదాపు ఆవిరిగానూ పోతుంది! 1970ల చివరి తరువాత షెర్రీ అమ్మకాలు పడిపోయినప్పుడు, ఆ ఆవిరి ఖర్చు మోస్తూ పీపాలు అట్టిపెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించండి. చాలా ఇళ్లు చేతులు మారాయి. నిలబడిన కుటుంబాలను నేను గౌరవించేది అందుకే.

ఆ ఆవిరిని అదుపులో పెట్టేందుకే బొదేగాలను గుడిమండపమంత ఎత్తుగా, మందపాటి గోడలతో కట్టి, కిటికీలకు గడ్డి తెరలు వేలాడదీసి, వేసవిలో మట్టినేల మీద నీళ్లు చల్లుతారు. మన పల్లెల్లో ఎండాకాలం సాయంత్రం వాకిట్లో కళ్లాపి చల్లిన వాసనే అక్కడా వస్తుంది, దానికి తోడు పాత కలప, వైన్ వాసన. అటువంటి ఒక బొదేగాలో పనివాడు సన్నటి పొడుగాటి కడ్డీ చివర చిన్న గిన్నె ఉన్న వెనెన్సియాను పీపా నడుమ ఉన్న రంధ్రంలోంచి నిటారుగా దించి, పైకెత్తి, తలెత్తు నుంచి గ్లాసులోకి దారంలా వంచాడు. ఒక్క చుక్క కింద పడలేదు.

ఆ గ్లాసులోది పాత అమోంటియాడో, వేయించిన వేరుశనగ పొట్టు రంగు. చుక్క తీపి లేదు. నీరు ఆవిరైన కొద్దీ ఆల్కహాలు 20 శాతం దాటింది, పులుపూ ఉప్పదనమూ చిక్కబడ్డాయి, అందుకే మొదటి గుక్క దాదాపు కరుకుగా తగులుతుంది. రెండో గుక్కకు బాదం, నారింజ తొక్క, పాత టేకు పెట్టె వాసన ఒకటొకటిగా తెలుస్తాయి. ఇటువంటి వైన్‌ను చిన్న గ్లాసులో, మరీ చల్లగా కాకుండా, కొద్దిగానే వడ్డించండి. తాగడం అయ్యాక ఆ గ్లాసును వెంటనే కడగవద్దని మీ కుర్రవాళ్లకు చెప్పండి. మరునాడు పొద్దున ఆ ఖాళీ గ్లాసులో ముక్కు పెట్టి చూస్తే వాసన ఇంకా అలాగే ఉంటుంది.