వంగిన వేలు, వంగని వేలు

రోగులను మొదట చూసే మీ అందరికీ నమస్కారం. ‘గోరుచుట్టు మీద రోకటిపోటు’ అన్నవారికి వేలి కొన సంగతి బాగా తెలిసే ఉండాలి. పర్లాకిమిడి చుట్టుపక్కల కొమ్ముతో బొమ్మలు చెక్కేవారికీ, జీడిపిక్కలు కొట్టేవారికీ, తలుపు సందులో వేలు పెట్టే పిల్లలకూ తెలుసు. నెత్తురు కారే వేలిని మీరు ఎలాగూ వదలరు. నా బెంగంతా నెత్తురు రాని వేలి గురించే.

కిందటేడు ఒకావిడ పరుపు కింద దుప్పటి అంచు దోపుతుంటే నడిమి వేలు టక్కుమంది. నొప్పి అంతంతమాత్రం. ముందు చూసినవారు వాపు బిళ్లలిచ్చి పంపారు. మూడు వారాలకు నా దగ్గరకు వచ్చేసరికి వేలి కొన వాలిపోయి ఉంది. నేను ఎత్తితే లేస్తోంది, వదిలితే వాలుతోంది. కొనను చాచే స్నాయువు, అంటే కండరాన్ని ఎముకకు కలిపే తాడు, తెగిందన్నమాట. మొదటి రోజే వేలు చాపించి చూసి ఉంటే తెలిసిపోయేది.

మధ్య కణుపును కదలకుండా పట్టుకుని కొనను వంచమనండి, చాచమనండి. అర నిమిషం పని. చాచలేకపోతే ఎక్స్‌రే తీయించండి. పెద్ద ఎముక ముక్క ఊడకుండా, కీలు జారకుండా ఉంటే చిన్న బద్ద చాలు. కొన కీలు ఒక్కటే, నిటారుగా, 6 నుంచి 8 వారాలు, రాత్రీ పగలూ. కడుక్కోవడానికి విప్పినా వేలిని బల్లకు ఆనించే ఉంచాలి. మధ్యలో ఒక్కసారి వంగిందా, లెక్క మళ్లీ మొదటి రోజు నుంచే. “అన్నం కలుపుకోవడం ఎలా డాక్టరు గారూ?” అని ఆవిడ అడిగింది. చెంచా అలవాటు చేసుకుంది పాపం.

చాచగలిగి, వంచలేకపోతే ఆలస్యం చేయవద్దు. కబడ్డీలో ఎదుటివాడి చొక్కా పట్టుకున్నప్పుడు ఉంగరపు వేలికి ఇలా అవుతుంది. తెగిన స్నాయువు అరచేతి వైపు ముడుచుకుపోతుంది. వారం పది రోజుల్లోపే కుట్టాలి కనుక బరంపురమో శ్రీకాకుళమో వెంటనే పంపండి.

వేలి కొనే తెగిపడితే ఆ ముక్కను నేరుగా ఐసులో వేసి తెస్తుంటారు, అది పాడవుతుంది. తడి గుడ్డలో చుట్టి, కవరులో మూసి, ఆ కవరును ఐసులో పెట్టాలి. ధనుర్వాతం టీకా ఎప్పుడు వేయించుకున్నారో అడగండి.

ఇక గోరు కింద నెత్తురు గూడుకట్టి సలపడం. గోరు అంచులు చెదరకపోతే ఊడబీకనక్కర్లేదు. దెబ్బ తగిలి ఒకటి రెండు రోజులే అయితే, శుభ్రమైన లావు సూదిని గోరు మీద నిలిపి, నొక్కకుండా వేళ్ల మధ్య తిప్పండి. రంధ్రం పడగానే నల్లటి నెత్తురు ఉబికి వస్తుంది, రోగి మొహం తేటపడుతుంది. నొప్పి లేకపోతే అదీ వద్దు.

ముందు వరుసలోంచి ఒకరు రండి, తిప్పి చూద్దురు గాని. భయపడకండి, మీ గోరు కాదు. గోరూ కొమ్మూ ఒకే పదార్థం కదా, బొమ్మలు చెక్కేవారి దగ్గర పలుచటి కొమ్ము ముక్కలు అడిగి తెచ్చాను.