వాగు గట్టున ఇరవై నిమిషాలు

యాంకర్: నమస్కారం. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌ల్యాండ్‌లో చలికాలం సెలవులు వస్తున్నాయి. కెయిర్న్స్ వైపు వెళ్లి వానాడవి వాగుల వెంట నడవాలనుకునే మన తెలుగువాళ్ల కోసం ఈ గంట. ఆ దారులన్నీ బాగా తెలిసిన మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ బ్రిస్బేన్ నుంచి.

శ్రోత: నమస్తే మేడమ్. పోయినేడు యుంగాబుర్రాలో పీటర్సన్ క్రీక్ దారంతా నడిచాం. బాతు మూతి ఉండే నీటి జంతువు ప్లాటిపస్ ఒక్కటి కూడా కనిపించలేదు. ఈసారి గుంటూరు నుంచి అమ్మానాన్న వస్తున్నారు. వాళ్లకైనా చూపించాలని ఉంది.

అతిథి: ఎన్నింటికి వెళ్లారండీ?

శ్రోత: టిఫిన్లు చేసి బయల్దేరేసరికి పది దాటింది.

అతిథి: అక్కడే పోయిందండీ. అది తెల్లవారేటప్పుడు, మళ్లీ పొద్దుగూకే ముందు ఎక్కువగా బయటికొస్తుంది. కాబట్టి రాత్రి యుంగాబుర్రాలోనే ఉండండి. కెయిర్న్స్ నుంచి గిల్లీస్ ఘాట్ రోడ్డు అంతా మలుపులే, పెద్దవాళ్లతో చీకట్లో వద్దు. పొద్దున చలి ఉంటుంది, నాన్నగారికి స్వెట్టర్, మఫ్లర్ పెట్టండి. ఇంకో మాట, దారి మొత్తం నడవకండి. నీళ్లు నెమ్మదిగా పారే ఒక మడుగు చూసుకుని ఇరవై నిమిషాలు అక్కడే నిలబడండి.

శ్రోత: నిలబడి ఏం చూడాలి మేడమ్?

అతిథి: ముందు నీళ్లను చూడండి. చిన్న చిన్న బుడగలు వరసగా పైకొస్తాయి. తర్వాత గుండ్రంగా అలలు, వాటి మధ్య చదునైన గోధుమరంగు వీపు. మూరెడు పొడవే ఉంటుంది, పెద్ద జంతువు కోసం వెతికితే తప్పిపోతుంది. నీళ్లలో కళ్లు, చెవులు, ముక్కు అన్నీ మూసేసుకుంటుంది. పురుగుల కండరాలు కదిలితే పుట్టే సన్నని కరెంటును బాతు మూతిలాంటి ఆ మూతితో పసిగట్టి వేటాడుతుంది. దొరికింది బుగ్గల్లో దాచుకుని, పైకొచ్చి నములుతుంది. మళ్లీ అర నిమిషమో నిమిషమో మునుగుతుంది. మీరు దగ్గరికి జరగాలంటే ఆ మునిగిన కాసేపట్లోనే మెత్తగా అడుగు వేయండి. తేలగానే ఆగిపోండి. వేలెత్తి చూపించడం, "అదిగో" అనడం కూడా వద్దు. నేను మొదటిసారి చూసినప్పుడు నా పక్కనున్న ఆవిడ చెయ్యి గట్టిగా పట్టుకుని ఊరుకున్నాను. ఇద్దరికీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

శ్రోత: మేం తోక ఉన్నదేదో ఈదుతుంటే చూశాం మరి.

అతిథి: తోక చివర తెల్లగా ఉందా? అయితే రకాలి, ఇక్కడి నీటి ఎలుక. అదీ ఈ నేలదే. చూడగలిగారు, సంతోషించండి.

యాంకర్: తర్వాత కెయిర్న్స్ నుంచి.

శ్రోత: మేడమ్, అదే దారిలో చెట్టు కంగారూ ఉంటుందంటారు. మా అత్తగారికి మాత్రం క్యాసోవరీ అనే ఎగరలేని పెద్ద పక్షి అంటే టెన్షన్.

అతిథి: లమ్‌హోల్ట్స్ చెట్టు కంగారూ అమ్మా. ఈశాన్య క్వీన్స్‌ల్యాండ్‌లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. కొమ్మ మీద ముద్దలా ముడుచుకుని కూర్చుంటుంది. ముద్దకోసం వెతక్కండి, తాడులా నిటారుగా వేలాడే పొడవాటి తోక కోసం చూడండి. ఈ వాగు పక్కన చెట్లు ఊరికే లేవమ్మా. పొలాల కోసం అడవిని నరికేస్తే, 1982లో మొదలైన ట్రీట్ అనే సంస్థ వాలంటీర్లు మొక్కలు నాటి, ముక్కలైన అడవిని మళ్లీ కలిపారు. ఆ నీడలో నడుస్తుంటే వాళ్లకు దండం పెట్టాలనిపిస్తుంది. క్యాసోవరీ ఎక్కువగా మిషన్ బీచ్, డెయిన్‌ట్రీ వైపు కనిపిస్తుంది. ఎదురైతే పరుగెత్తొద్దు, బ్యాగు అడ్డం పెట్టుకుని మెల్లగా వెనక్కి జరగండి. తిండి మాత్రం పెట్టొద్దు. డెయిన్‌ట్రీ లాంటి పల్లపు వాగుల్లో మొసళ్లుంటాయి, నీటి అంచుకు వెళ్లకండి. ఆకులు కూడా ముట్టుకోవద్దు. జింపీ-జింపీ అనే మొక్క ఆకు హృదయం ఆకారంలో ఉంటుంది, దాని నూగు గుచ్చుకుంటే నెలల తరబడి మంట.

యాంకర్: మెల్‌బోర్న్ నుంచి ఒకరున్నారు.

శ్రోత: మా తమ్ముడు వాగుల్లో యాబీలు, అదే రొయ్యల్లాంటి మంచినీటి జీవులు, పట్టడానికి గూడు వల వేస్తాడు. ప్లాటిపస్‌కు దానివల్ల ఇబ్బందా?

అతిథి: చాలా ఇబ్బంది అన్నగారూ. చుట్టూ మూసి ఉన్న వలలో దూరితే బయటికి రాలేదు. అది ఊపిరి పీల్చుకోవడానికి పైకి రావాలి కదా, నిమిషాల్లో మునిగి చచ్చిపోతుంది. ఒక్క వలలో రెండు మూడు పోయిన సందర్భాలున్నాయి. విక్టోరియాలో ఆ వలలను 2019లోనే నిషేధించారు. దయచేసి ఇవాళే తీయించండి. పైభాగం తెరిచి ఉన్న వలలు దొరుకుతాయి, యాబీల కూర ఎక్కడికీ పోదు.

శ్రోత: ఇప్పుడే ఫోన్ చేస్తానమ్మా.

యాంకర్: చివరి కాల్, ఎనిమిదేళ్ల పాప.

పాప: ఆంటీ, దాన్ని పట్టుకోవచ్చా?

అతిథి: వద్దు నాన్నా. మగదానికి వెనక కాళ్లకు విషపు ముల్లు ఉంటుంది, గుచ్చితే పెద్దవాళ్లే ఏడ్చేంత నొప్పి.

పాప: గుడ్లు పెడుతుందట కదా? మరి పాలు ఎలా ఇస్తుంది?

అతిథి: చక్కగా అడిగావు. దానికి చనుమొనలు ఉండవు. పొట్ట మీది చర్మం నుంచి పాలు ఊరతాయి, పిల్లలు నాకి తాగుతాయి. అదంతా గట్టులో తవ్వుకున్న బొరియలోనే. నువ్వు నిలబడిన చోటు కిందే ఉండొచ్చు.

పాప: నా కాళ్ల కిందా?

అతిథి: అవును. గట్టు అంచున గెంతకుండా నిలబడతావా?

పాప: నిలబడతా ఆంటీ. తమ్ముడికీ చెప్తా.