మిలిటరీ ఆయన తాగుడు మాన్పించాలా? ముందు ఏటీఎం కార్డు ఎవరి దగ్గరుందో చెప్పండి!

ఆ వీడియో మీరంతా చూసే ఉంటారు. నలుగురు కుర్రాళ్లు వ్యాన్ దిగి ఒకాయన్ని వరండాలో నుంచి కాళ్లూ చేతులూ పట్టి ఎత్తుకెళ్లారు చూడండి, అదే. ఆకుపచ్చ బనియను, ట్రాక్ ప్యాంటు, ఒక కాలికే చెప్పు. గడప దగ్గర భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది, పక్కింటాయన ఫోన్ పైకెత్తి మొత్తం తీశాడు. ఆయన రిటైర్డ్ జవాను, ఆ కుర్రాళ్లు డీఅడిక్షన్ సెంటర్ వాళ్లు, అంటే తాగుడు మాన్పించే చోటు. కింద కామెంట్లలో రెండు పార్టీలు. "దేశం కోసం ప్రాణం పెట్టినోడికి ఇదా మర్యాద, ఆ పెళ్లాన్ని అనాలి" అని ఒక పార్టీ. "తాగుబోతుకి మర్యాదేంది, ఇంకో రెండు తగిలించాల్సింది" అని ఇంకో పార్టీ. నాలుగు రోజుల్నుంచి ఆ లింకే నాకు పంపుతున్నారు, మేడమ్ మీరు మాట్లాడండి, మీరు మాట్లాడండి అని.

సరే, మాట్లాడతా. రెండు పార్టీలకూ కోపమొస్తుంది. రానీండి.

ఆ వ్యాన్‌లో ఎక్కిస్తే ఆయనొక్కడినే కాదు, ఇంటిల్లిపాదినీ ఎక్కించాలి. ఆయన్ని తీసుకెళ్లి మూడు నెలలు తలుపేసి పెట్టి, మళ్లీ అదే ఇంటికి, అదే వరండాకి, అదే నవారు మంచానికి తెచ్చి దించితే ఆయన మందు మానడు. రాసి పెట్టుకోండి. నా దగ్గరకొచ్చిన ఒకాయన్ని అలా మూడుసార్లు చేర్చారు, మూడుసార్లూ లక్షలు పోశారు, మూడోసారి ఇంటికొచ్చిన రాత్రే తాగాడు. ఆ సెంటర్ వాళ్లు ఆయన భార్యతో మొత్తం కలిపి ఒక గంట కూడా మాట్లాడలేదు. ఫీజు కట్టించుకునేటప్పుడు మాత్రం మాట్లాడారు.

ఇంకోటి, ఎత్తుకెళ్లడం గురించి. 2017 మానసిక ఆరోగ్య చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలకూ వర్తిస్తుంది. మనిషికి ఇష్టం లేకుండా చేర్చాలంటే డాక్టర్లు పరీక్షించాలి, దానికో పద్ధతుంది, గడువుంది. నలుగురు కుర్రాళ్లు, ఒక వ్యాను, అది పద్ధతి కాదు. అంతే, దీని మీద ఇంతకంటే టైం పెట్టను, నా గొడవ వేరే.

నేను ఒంగోలులో ఫ్యామిలీ కౌన్సెలింగ్ చేస్తాను. గిద్దలూరు, కంభం, కనిగిరి వైపు నుంచి, ఇటు ఉదయగిరి వైపు నుంచి వస్తారు. అటు పక్క ఊళ్ల సంగతి మీకు తెలుసు కదా, వానొస్తే పంట, రాకపోతే రైలెక్కి మిలిటరీకే. నేనూ హవల్దారు కూతుర్నే. నల్ల ట్రంకు పెట్టె మీద తెల్ల పెయింటుతో నాన్న పేరు, నంబరు ఇంకా చెరగలేదు, మా అమ్మ అందులో చలికాలం దుప్పట్లు పెడుతుంది. కాబట్టి "మీకేం తెలుసు మేడమ్ మిలిటరీ వాళ్ల గురించి" అని కింద రాయబోయేవాళ్లు కాస్త ఆగండి.

అందరూ ఏమంటారు? బోర్డర్లో ఏమేం చూశాడో, అందుకే తాగుతున్నాడు అంటారు. నిజంగా అలాంటివాళ్లున్నారు, రాత్రి కేక పెట్టి లేస్తారు, టపాసు మోగితే వణికిపోతారు, వాళ్లని నేను వెంటనే సైకియాట్రిస్టు దగ్గరికి పంపిస్తా, అది నా ఒక్కదాని పని కాదు. కానీ నా దగ్గరికొచ్చిన వాళ్లలో ఎక్కువమంది డ్రైవర్లు, క్లర్కులు, వంటవాళ్లు, సిగ్నల్స్ వాళ్లు. సర్వీసులో ఉన్నన్నాళ్లూ సాయంత్రం రెండు పెగ్గులు, పొద్దున్నే అయిదింటికి పరుగు. తాగుడు పట్టింది ఇంటికొచ్చాకే! తూటాలు పేలిన చోట లేని తాగుడు వేపచెట్టు కింద ఎందుకొచ్చింది?

అమెరికాలో దీనికి తిరగేసిన కథ ఒకటుంది. వియత్నాం యుద్ధంలో అమెరికా సైనికులు హెరాయిన్‌కి అలవాటు పడ్డారు, దాదాపు అయిదుగురిలో ఒకరు బానిసయ్యారని లెక్క. వీళ్లంతా ఇంటికొస్తే దేశం ఏమైపోతుందోనని ప్రభుత్వానికి టెన్షన్ పట్టుకుంది. లీ రాబిన్స్ అని ఒక పరిశోధకురాలు 1971లో తిరిగొచ్చిన వాళ్లను వెతికి పట్టుకుని అడిగింది. అక్కడ బానిసైన వాళ్లలో మొదటి ఏడాది మళ్లీ ఆ ఊబిలో పడ్డవాళ్లు వందకి అయిదుగురో ఏమో. చోటు మారింది, మనుషులు మారారు, అలవాటు ఊడిపోయింది. మరి మనవాడికి? చోటు మారింది, మనుషులు మారారు, అలవాటు తగులుకుంది. మందు సీసాలో ఎంతుందో, చోటులోనూ అంతే ఉంది అంటాను నేను.

సెలవుకొచ్చే మనిషి చుట్టం. ఏడాదికి రెండు మూడు నెలలు వస్తాడు, నాటుకోడి కోస్తారు, చేపల పులుసు పెడతారు, పిల్లలు బ్యాగు చుట్టూ తిరుగుతారు, అత్తగారింటికి పిలుపులు. పదిహేడేళ్లు అలా గడిచాక, ముప్పై ఏడో ముప్పై ఎనిమిదో వయసులో, పెట్టె సర్దుకుని పూర్తిగా వచ్చేస్తాడు. చుట్టం పోవడం లేదు! పదిహేడేళ్లు ఆ ఇంటిని నడిపింది ఎవరు? ఆవిడ. బోరు వేయించింది ఆవిడ, మామగారి కంటి ఆపరేషన్‌కి తిప్పింది ఆవిడ, డ్వాక్రా అప్పు తెచ్చి తీర్చింది ఆవిడ. జీతం పడే అకౌంటు ఏటీఎం కార్డు ఆవిడ పర్సులోనే ఉండేది. ఈయనొచ్చిన నెలలోపు అడిగే మొదటి మాట, "కార్డేదీ?" నా దగ్గరికి వచ్చే ఏ జంటనైనా నేను మందు గురించి మొదట అడగను. కార్డు ఎవరి దగ్గరుందని అడుగుతా. అయిదు నిమిషాల్లో కథంతా బయటికొచ్చేస్తుంది.

ఒక జంట సంగతి చెబుతా, గుర్తుపట్టకుండా కొంచెం మార్చే చెబుతున్నా. ఆయన కుర్చీ అంచున నిటారుగా కూర్చున్నాడు, మోకాలి మీద ప్లాస్టిక్ ఫోల్డరు, అందులో డిశ్చార్జి బుక్కు, పెన్షన్ కాగితాలు, అన్నీ వరసగా. ఏమడిగినా "ఎస్ మేడమ్". చేతులు సన్నగా వణుకుతున్నాయి, ఫోల్డరు కింద దాచుకున్నాడు. పాప ఏం చదువుతోందండీ అన్నాను. "తొమ్మిదో తరగతి మేడమ్" అన్నాడు ఠక్కున. ఆవిడ ఆయన్ని చూడకుండా, గోడ మీద క్యాలెండర్ చూస్తూ, "ఇంటర్ రెండో ఏడాది" అంది. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏం లేదు. మీ ఇంట్లో గ్యాస్ ఎన్నాళ్లకి అయిపోతుందండీ అన్నాను. ఆయన ఫోల్డరు తెరిచాడు. నిజంగా తెరిచాడు, అందులో రాసి ఉంటుందేమో అన్నట్టు.

ఆ మనిషికి ఇంట్లో పోస్టు లేదు. పోస్టింగు వచ్చింది గానీ పోస్టు లేదు.

మరి ఊళ్లో? ఊళ్లో ఉంది! అదే అసలు తమాషా. మిలిటరీ క్యాంటీన్ మందు కోటా. నెలకి ర్యాంకును బట్టి ఇన్ని బాటిళ్లని స్మార్ట్ కార్డు మీద ఇస్తారు, బయటికంటే చవక. అది ఎవరెవరికి వెళ్తుందో మీకు చెప్పాలా? లైన్‌మన్‌కి ఒకటి, సర్వేయర్‌కి ఒకటి, పెళ్లైతే "బావా, మిలిటరీ రమ్ము రెండు ఇప్పించు" అని ఆరు నెలలు పలకరించని బావమరిది కూడా ఫోన్ చేస్తాడు. సుబేదారు, హవల్దారు ర్యాంకులు గేటు బయటే వదిలేసి వచ్చాడు, ఊరు ఆయనకిచ్చిన ర్యాంకు ఆ బాటిల్ ఒక్కటే. దాన్ని మానమని చెప్తే ఏం మానమన్నట్టు? ఉన్న ఒక్క ర్యాంకునీ పీకేసినట్టు. ఆ వీడియో తీసిన పక్కింటాయన ఉన్నాడే, ఆయన ఇంట్లో ఎన్ని మిలిటరీ ఖాళీ సీసాలున్నాయో ఎవరైనా అడిగారా? నాకైతే అడగాలనుంది.

అసలు మన నెల్లూరు జిల్లా ఆడవాళ్లకి మందు గురించి ఒకరు పాఠం చెప్పక్కర్లేదు. 1992లో దూబగుంట ఆడవాళ్లు అక్షరాలు నేర్చుకోవడానికని రాత్రి బడికి పోయి సారా కొట్టు మూయించారు. జిల్లా జిల్లాంతా లేచింది, మరుసటేడు రాష్ట్రమంతా సారా బంద్. కానీ అప్పుడు శత్రువు వీధిలో ఉన్నాడు, చీపురు పట్టుకుని పోయారు. ఇప్పుడు ఈ బాటిల్ గౌరవంగా, కార్డు మీద, బిల్లుతో ఇంట్లోకొస్తోంది. ఏ కొట్టు ముందు కూర్చుంటారు?

ఇప్పుడు నా థియరీకి సాక్ష్యం చెబుతా, ఇది ఏ పుస్తకంలోదీ కాదు. అయ్యప్ప మాల. ఏడాదంతా తాగే మనిషి మాల వేసుకుంటే నలభై ఒక్క రోజులు ముట్టడు. దేవుడి మీద భయం అంటారు, ఉండొచ్చు, నేను కాదనను. కానీ ఆ నలభై రోజులు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో చూడండి. తెల్లారుజామునే లేపుతారు. వంట వేరే. భార్య "స్వామీ" అని పిలుస్తుంది, తండ్రి కూడా "స్వామీ" అంటాడు. సాయంత్రం భజన, పది మంది తోడు, చేయాల్సిన పని, వేసుకోవాల్సిన బట్టలు. అంటే ఏంటి? డ్రెస్సు, టైం, బ్యాచ్, ర్యాంకు. అది రెజిమెంటే కదా! మాల తీసిన మర్నాడు స్వామి మళ్లీ "ఓయ్, వరండాలో పడుకో" అయిపోతాడు. సాయంత్రానికి సీసా.

ఇక్కడొక్క నిమిషం జోకులు పక్కన పెడతా. రోజూ ఫుల్‌గా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. చేతులు వణకడం, చెమటలు, ఆ తర్వాత ఫిట్స్, రెండు మూడు రోజులకి మతి తప్పి లేనివి కనిపించడం, ప్రాణం పోవడం కూడా ఉంది. మాల వేసుకున్నా, ఒట్టు పెట్టుకున్నా, ముందు డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, పప్పు పులుసులో తాగుడు మాన్పించే మాత్ర కలపడం. అక్కా, నాకు తెలుసు, మెడికల్ షాపులో ఎవరో ఇచ్చారు, ఆయనకి తెలియకుండా కలుపుతున్నావు. డైసల్ఫిరమ్ అంటారు దాన్ని. తెలియక దాని మీద తాగితే ముఖం ఎర్రబడి, వాంతులు, బీపీ పడిపోయి ప్రాణం మీదకొచ్చేస్తుంది. ఆ మాత్ర ఆయన చేత్తో ఆయన వేసుకోవాలి, అదీ డాక్టర్ చూసి ఇస్తేనే.

ఆయన చేత్తో, ఆవిడ ఎదురుగా. ఇదే అసలు వైద్యం. అమెరికాలో బ్రాక్టన్ అని ఊరు, అక్కడ మాజీ సైనికుల ఆసుపత్రిలో తిమోతీ ఓఫారెల్ అనే సైకాలజిస్టు భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టే పద్ధతి ఏళ్ల తరబడి చేశాడు. రోజూ ఒక టైం. ఆయన "నిన్న తాగలేదు, ఇవాళ తాగను" అని చెప్పాలి. ఆవిడ థాంక్స్ చెప్పాలి. పాత గొడవలు ఆ అయిదు నిమిషాల్లో ఎత్తకూడదు. నేను దీన్ని ఇక్కడ మొదలుపెట్టినప్పుడు నవ్వారు. మొగుడికి థాంక్స్ చెప్పే ఆడమనిషి ప్రకాశం జిల్లాలో ఎక్కడుంది మేడమ్ అని ఒకావిడ ముఖం మీదే అంది. నిజమే. అందుకని మార్చాను. ఆయన ఆ మాట చెప్పాక ఆవిడ కాఫీ గ్లాసు చేతికిస్తుంది. స్టూలు మీద పెట్టి పోకూడదు, చేతికివ్వాలి. పెద్ద తేడా ఏముంది అనుకుంటారు. స్టూలు మీద గ్లాసు ఎన్నేళ్లు పెట్టారో వాళ్లనడగండి.

"అంటే తప్పు భార్యదంటావా?" అని ఇప్పటికే టైప్ చేస్తున్నారు, నాకు తెలుసు. కాదురా నాయనా! కొట్టేవాడి ఇంట్లో కాఫీ గ్లాసుల కబుర్లు చెప్పను, ముందు ఆవిడ క్షేమం, పోలీసులు, పుట్టిల్లు, ఆ తర్వాతే ఏదైనా. నేననేది, ఆవిడ చేతిలో తాళాలున్నాయి అని. రాబర్ట్ మేయర్స్ అనే ఆయన అమెరికాలో ఇంకో పద్ధతి తెచ్చాడు, తాగేవాడు రానంటే ఇంట్లోవాళ్లకే నేర్పించడం. 1999లో దాని మీద స్టడీ అచ్చయింది, వైద్యానికి ససేమిరా అన్నవాళ్లలో దాదాపు మూడింట రెండొంతుల మంది చివరికి వచ్చారు. మన దేశంలో 2019లో వచ్చిన జాతీయ సర్వే ప్రకారం మద్యానికి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందుతోంది. మిగతా 37 మంది ఇళ్లలో ఆవిడ ఒక్కతే ఉంది. ఆవిడకి ఎవరూ ఏమీ నేర్పలేదు. డబ్బు లేనివాళ్లు, ఆసుపత్రి దూరమైనవాళ్లు 14446కి ఫోన్ చేయండి, డీఅడిక్షన్ హెల్ప్‌లైన్, ఉచితం.

ఫోల్డరు ఆయన సంగతి అడుగుతారు కదా. నాలుగు నెలలు బాగున్నాడు, సంక్రాంతికి తాగాడు, కనుమ రోజు ఆవిడ ఏడుస్తూ ఫోన్ చేసింది, మళ్లీ మొదటికొచ్చాం. ఇంట్లో ఆయనకి రెండు పోస్టులు ఇప్పించాను, గ్యాస్ బుకింగు, పాపని కాలేజీ బస్సు ఎక్కించడం. కార్డు ఇంకా ఆవిడ పర్సులోనే ఉంది, ఆ యుద్ధం నడుస్తోంది. మొన్న ఆవిడ ఫోన్ చేసి, "మేడమ్, గ్యాస్ ఆయనే బుక్ చేశాడు, సిలిండర్ వచ్చింది" అంది. మంచిదే కదమ్మా అన్నాను. "మంచిదే, కానీ పాతది ఇంకా సగముంది మేడమ్, పన్నెండో తారీకుకి అయిపోవాలి అని క్యాలెండర్‌లో రాసుకున్నాడంట, ఆ తారీకొచ్చిందని బుక్ చేశాడు" అని నవ్వుతోంది. వెనక నుంచి ఆయన గొంతు, "ఎస్ మేడమ్ అని చెప్పు" అని.

మీ ఇంట్లో, మీ వీధిలో ఈ నెల మిలిటరీ బాటిల్ ఎవరికెళ్లిందో కింద రాయండి. పేర్లొద్దు, వరస రాయండి చాలు, బావా, లైన్‌మనా, పక్కింటాయనా.